పాత వరస, కొత్త మాట

పేరడీ అనగానే మనకు గుర్తొచ్చేది జరుక్ శాస్త్రిగారు (1914–1968). శ్రీశ్రీ అంతటివాడి 'నవకవిత'ను పట్టుకుని, అందులో ఊరగాయలూ పచ్చళ్ళూ వడ్డించిన ఘనుడు. ఆయన పేరే చివరికి 'పేరడీ శాస్త్రి' అయి కూర్చుంది!

అమెరికాలో 1930లలో ఫ్యాట్స్ వాలర్ అనే నల్లజాతి పియానో విద్వాంసుడుండేవాడు. రికార్డు కంపెనీవాళ్ళు చప్పిడి ప్రేమపాటలు చేతికిస్తే కాదనేవాడు కాదు. పాడుతూనే మధ్యలో ఓ కొంటెమాట విసిరి, గొంతు మార్చి, ఆ విరహాన్నంతా నవ్వులపాలు చేసేవాడు. ఇచ్చిన పాట పాడాడు, అనవలసింది అన్నాడు. ఇంక అతన్నేమంటారు?

ఈ విద్య మన ఆడవాళ్ళకి ఒకరు నేర్పాలిటండీ? వియ్యపురాలి మీద పాటలు మనకెన్ని లేవు! మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో మా పిన్ని కూతురి పెళ్ళి. మగపెళ్ళివారు బంతిలో కూర్చోగానే మా పెద్దత్తయ్య అందుకుంది. వరస సినిమాది, మాటలు ఆవిడవి. ఆడపడుచు లాంఛనాలు, వెండి కంచం, ఆఖరి చరణంలో పెళ్ళికొడుకు స్కూటరు! వరకట్నం కూడదని 1961లోనే చట్టం వచ్చింది. కానీ ఆ మాట పందిట్లో మామూలుగా అనగలిగే గుండె ఎవరికుంది? పిన్ని ముఖాన నెత్తుటిచుక్క లేదు. బాబాయి నెయ్యిగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వియ్యపురాలు తక్కువదా? "చరణాలు అయిపోయాయా వదినగారూ?" అంటూ పకపకా నవ్వింది. బంతి బంతంతా నవ్వింది.

స్కూటరు మాత్రం మూడోనెలలో ఇవ్వవలసే వచ్చింది.