నాలుగు నుంచి అయిదు దాకా

ఈ శ్రావణ శుక్రవారం నాడు పేరంటంలో శనగలు రుమాల్లో మూట కట్టుకుంటూ ఎదురింటావిడ ఒక మాట అంది. "ఎన్నయినా చెప్పండి, ఆడదానికి ఆడదే శత్రువు!" గదిలో ఉన్నవాళ్లందరూ తలలూపారు. అలవాటు కొద్దీ నేనూ ఊపబోయాను గానీ, మధ్యలో మా అత్తగారు గుర్తొచ్చి ఆగిపోయాను.

1978లో నేను కాపురానికొచ్చినప్పుడు నా వెంట రెండు ట్రంకుపెట్టెలూ, ఒక బొబ్బిలి వీణా వచ్చాయి. పెట్టెల్ని అందరూ విప్పి చూశారు. వీణ మాత్రం గలీబుతో సహా మంచం వెనక్కి చేరింది. ముగ్గురు మరుదులు, ఇద్దరు ఆడపడుచులు, వచ్చేపోయే చుట్టాలు. ఆ ఇంట్లో వీణ వాయించాలనుకోవడం నడిబజార్లో నిద్రపోవాలనుకోవడం లాంటిదే. మూడు నెలల తర్వాత ఒకరోజు ధైర్యం చేసి మీటితే, తీగలు వదులై శ్రుతి ఎక్కడికో పోయింది. వేళ్ల మీద కాయలు మెత్తబడిపోయాయి. ఏడుపు ఆగలేదు. తలెత్తి చూస్తే గుమ్మంలో అత్తగారు!

ఆవిడ చదువు నాలుగో క్లాసు. సంగీతం బొత్తిగా రాదు. ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మర్నాడు సాయంత్రం సరిగ్గా నాలుగింటికి నా చేతిలోంచి డికాక్షన్ గిన్నె లాక్కుని, ఇల్లంతా వినబడేలా చెప్పారు. "నాలుగు నుంచి అయిదు దాకా ఈ ఇంట్లో కోడలు లేదు. ఎవరికేం కావాలన్నా నన్నడగండి."

నాలుగుంబావుకి మావగారు అలవాటుగా "అమ్మాయీ, కాఫీ!" అని కేకేశారు. "అమ్మాయి ఊళ్లో లేదు" అని వంటింట్లోంచి జవాబొచ్చింది. పక్కగదిలో నేను వాయిస్తున్న మోహన వర్ణం ఆయన చెవిని పడుతూనే ఉంది పాపం!

ఆవిడ వినికిడి కూడా విచిత్రంగా ఉండేది. "నాకు రాగాలూ అవీ తెలీవు గానీ, ఇవాళ నువ్వొకచోట భయపడ్డావే" అనేవారు. చూసుకుంటే, సరిగ్గా అక్కడే గమకం తేలిపోయి ఉండేది. 1980 దసరాల్లో మా వీధి అమ్మవారి గుళ్లో మొదటిసారి నలుగురి ముందూ వాయించాను. ఎనిమిది నెలల మా వాణ్ణి ఒళ్లో వేసుకుని ఆవిడ ముందు వరసలో కూర్చున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ గంటసేపూ నేను అమ్మవారి వంక చూడలేదు, ఆవిడ వంకే చూశాను.

ఇలాంటి ఆడవాళ్లు పేరుమోసిన కళాకారిణుల వెనకా ఉన్నారు. డి.కె. పట్టమ్మాళ్ గారి తల్లి చక్కగా పాడేవారట. కానీ ఆచారం పేరిట బంధువుల ముందు కూడా పాడనిచ్చేవారు కాదు. అలాంటి ఇంటి పిల్ల 1932లో, పదమూడేళ్ల వయసులో మద్రాసులో కచేరీ చేసిందంటే, వెనక ఆమె బడి పెద్ద పంతులమ్మగారున్నారు. తండ్రికి నచ్చజెప్పింది ఆవిడే. మగవాళ్ల సొత్తనుకున్న రాగం తానం పల్లవిని పాడి, ఆ పిల్లే తర్వాత 'పల్లవి పట్టమ్మాళ్' అనిపించుకుంది.

బెంగుళూరు నాగరత్నమ్మగారయితే తాను కళ్లతో చూడని మనిషికే అండగా నిలిచారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరి ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి 1910లో అచ్చువేయించారు. ఆడది శృంగారం ఇలా రాయవచ్చునా అన్న పెద్దల్ని, మగకవులు రాస్తే ఎందుకూరుకున్నారని పీఠికలోనే నిలదీశారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి పుణ్యమా అని గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఇంతవరకూ చదివి నేనూ మా అత్తగారి అంతదాన్నే అనుకుంటున్నారేమో! అక్కడే ఉంది తంటా. అప్పటి ఎనిమిది నెలల పిల్లాడి భార్య, అంటే మా కోడలు, బొమ్మలు వేస్తుంది. వారమంతా కంప్యూటరు ముందు ఉద్యోగం, ఆదివారం మధ్యాహ్నం రంగులు. రెండేళ్ల క్రితం ఒకసారి "ఈ మరకలన్నీ ఎవరు కడుగుతారమ్మా?" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆ వారమే రంగుల పెట్టె అటకెక్కింది. ఇల్లు శుభ్రంగా ఉంది కదా అని నేనూ చూడనట్టే ఊరుకున్నాను.

ఆ పేరంటం నుంచి ఇంటికొచ్చి, మోకాళ్ల నొప్పుల్తోనే స్టూలెక్కి పెట్టె దింపాను. సగం రంగులు ఎండిపోయాయి. "అయ్యో, మీరెందుకెక్కారత్తయ్యా, పడితే?" అని కోడలు కంగారుపడింది. "మళ్లీ వేసుకో అమ్మా. ఆ వేళ నేనలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. "అలవాటు తప్పిపోయిందత్తయ్యా" అంది మెల్లిగా. నా వేళ్ల మీద కాయలు మెత్తబడ్డ రోజు గుర్తొచ్చింది.

మూడు ఆదివారాలు ఆ పెట్టె అలాగే ఉంది. నాలుగో ఆదివారం నేనే కొత్త రంగులు తెప్పించి, బల్ల మీద పాత పేపరు పరిచి, గ్లాసుతో నీళ్లు పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడయింది.

నాలుగుంబావుకి మా వారు హాల్లోంచి "అమ్మాయీ, కాఫీ!" అని పిలిచారు.

"అమ్మాయి ఊళ్లో లేదు" అన్నాను.

ఆయన నవ్వుకున్నారు. వాళ్లమ్మ మాటే గదా మరి!