నన్నారి దారి వెంట

మే నెలలో హైదరాబాదు నుంచి మదురై దాకా వెళ్ళాలని వదినా నేనూ అనుకున్నప్పుడు మా మనసులో ఉన్నవి గుళ్ళే. అహోబిలం, తిరుపతి, చివర మీనాక్షమ్మ. బయల్దేరే ముందు రోజు వదిన సంచిలో ఒక కొత్త నోటుపుస్తకం కూడా పెట్టింది. "దారిలో తిని ప్రాణానికి హాయిగా అనిపించింది ఏదైనా సరే, ఎట్లా చేశారో అడిగి రాసుకుందాం" అంది. ఎండలు ముదిరాయంటే మా రెండిళ్ళలోనూ ఫ్రిజ్ నిండా కొన్న సరుకే: సీసాలో షర్బత్తు, డబ్బాలో మామిడి రసం, ప్యాకెట్టు మజ్జిగ, కప్పులో ఐస్‌క్రీం. వాటిలో ఎన్నిటిని ఇంట్లో తేలిగ్గా చేసుకోవచ్చో చూడాలని ఇద్దరికీ ఉంది.

కర్నూలు బొరుగులు

తెల్లవారుజామున బయల్దేరి 44వ నంబరు జాతీయ రహదారి పట్టాం. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు ముందర తుంగభద్ర. రెండు నదుల్లోనూ నీళ్ళ కంటే రాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఊళ్ళోకి వచ్చేసరికి టిఫిన్ల వేళ ఇంకా దాటలేదు. కొండారెడ్డి బురుజుకు కొంచెం దూరంలో ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెప్పాం.

కోస్తాలో మరమరాలంటాం, ఇక్కడ బొరుగులు. వాటితో చేసే ఉప్మాలాంటిదే ఉగ్గాని. నోట్లో పెట్టుకుంటే మెత్తగా ఉంది, ముద్ద కాలేదు. ఎంతసేపు నానబెడతారని పొయ్యి దగ్గరున్న అమ్మను వదిన అడిగింది.

"నానబెట్టేది యాడుందమ్మా! ముంచేది, పిండేది, అంతే" అందావిడ, చేత్తో ఆ పని చేసి చూపిస్తూనే.

నలుగురికి పావుకిలో బొరుగులు సరిపోతాయి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, బొరుగులు వేసి, చేత్తో ఒకసారి కిందికి నొక్కాలి. మెత్తబడ్డాయని వేళ్ళకు తెలియగానే గుప్పిళ్ళతో గట్టిగా పిండి పక్కన పెట్టాలి. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ తాలింపులో వేయించి, ఒక టమాటా, చిటికెడు పసుపు వేసి మగ్గనివ్వాలి. అందులో బొరుగులు వేసి రెండు నిమిషాలు కలిపితే చాలు. బొరుగుల్లో ఉప్పు ముందే కొంత ఉంటుంది, రుచి చూసి వేసుకోవాలి. పొయ్యి ఆపేశాక పుట్నాలు, ఎండుకొబ్బరి, రెండు వెల్లుల్లి రెబ్బలు కలిపి కొట్టిన పొడిని మూడు చెంచాలు చల్లి, నిమ్మకాయ పిండాలి. ఉగ్గానికి ప్రాణం ఈ పొడే. మిగిలిన కాస్త తడిని అది పీల్చుకుని గింజకు గింజను విడదీస్తుంది. మంట మీదుండగానే వేస్తే ఆ పని చెయ్యదు, పైగా వేపుడు వాసన వస్తుంది.

బయటికొస్తే ఎండ అప్పుడే కళ్ళల్లో గుచ్చుతోంది. పక్క బండి దగ్గర నన్నారి సోడా తాగాం. గ్లాసులో తేనెరంగు పాకం కొంచెం, ఒక నిమ్మచెక్క, నానిన సబ్జా గింజలు, పైన సోడా. మొదటి గుక్కలోనే వెనిల్లాకు దగ్గరగా ఒక చల్లని వాసన, దాని వెనక తడిమట్టి వాసన. అది ఏ వేరు నుంచి వస్తుందో చూడాలనుంది అన్నాను. "అయితే నల్లమల వైపు పోతున్నారుగా, వేర్లు ఆడనే దొరుకుతాయి" అన్నాడు బండి అబ్బాయి.

నల్లమల వేర్లు

నంద్యాల దాటాక దారి పొడవునా మామిడిపళ్ళ బుట్టలు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి మామిడికి పేరిచ్చిన బనగానపల్లె ఈ జిల్లాలోనిదే. ఆళ్ళగడ్డ దగ్గర హైవే వదిలి అహోబిలం దారి పట్టాం. దిగువ అహోబిలంలో దర్శనం చేసుకుని బయటికి వస్తుంటే, చెట్టు నీడన ఒక పెద్దావిడ గోనెపట్టా మీద ఎండు వేర్ల కట్టలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకటి విరిచి వాసన చూపించింది. కర్నూల్లో గ్లాసులో తగిలిన వాసనే, పదింతలు గాఢంగా.

నన్నారి పేరుతో రెండు మొక్కల వేర్లు వాడుకలో ఉన్నాయి. ఒకటి పొలం గట్ల మీదా పొదల్లోనూ పాకే సన్నటి సుగంధిపాల. రెండోది కొండరాళ్ళ మధ్య పెరిగే మారేడుగడ్డ, దీని వేర్లు వేలంత లావున కండపట్టి ఉంటాయి. రాయలసీమ షర్బత్తులో ఎక్కువగా వాడేది ఈ రెండోదే. రెండిటికీ ఆ వాసననిచ్చే పదార్థం ఒకటే. వెనిల్లా కాయలోని వెనిలిన్‌కు రసాయనపరంగా అది దగ్గర చుట్టం. రెండిట్లోనూ ఉన్న పరమాణువులు అవే, అమరికే వేరు. మొదటి గుక్కలో నాకు వెనిల్లా తోచింది అందుకే.

పెద్దావిడ చెప్పిన పద్ధతి ఇది. వంద గ్రాముల వేర్లను బాగా కడిగి, ఆరబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మారేడుగడ్డ అయితే మధ్యలో ఉండే కట్టెలాంటి ఈనె తీసి పారేసి, పైకండ మాత్రం వాడాలి. అరలీటరు నీళ్ళు మరిగించి, దించి, అందులో వేర్లు వేసి మూతపెట్టి రాత్రంతా వదిలెయ్యాలి. "వేర్లను ఉడకబెట్టొద్దు తల్లీ, వాసనంతా ఆకాశానికి పోతాది" అందావిడ. పొద్దున ఆ నీళ్ళను గుడ్డలో వడకట్టాలి. కిలో పంచదారలో గ్లాసు నీళ్ళు పోసి తీగపాకం రానిచ్చి, వేర్ల నీళ్ళు కలిపి, ఒక్క పొంగు రాగానే దించాలి. చల్లారాక ఒక నిమ్మకాయ రసం పిండి, తడిలేని గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వేసవంతా వస్తుంది. పెద్ద గ్లాసుకు రెండు పెద్ద చెంచాలు చాలు. సబ్జా గింజలు పావుగంట ముందు నీళ్ళలో వేసుకుంటే పైన తెల్లని పొర కట్టి ఉబ్బుతాయి.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. వేరు కావాలంటే మొక్కను తవ్వాలి. తవ్వకం మితిమీరిపోయి మారేడుగడ్డ ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల్లో చేరింది. నల్లమలలో ఈ వేర్లు తెచ్చే చెంచులకు అది బతుకుతెరువు కూడా. కాబట్టి కావలసినంతే కొనాలి, కొన్నదాన్ని రెండోసారి కూడా నానబెట్టి పూర్తిగా వాడుకోవాలి. వేర్లు దొరకనివారు గిరిజన సహకార సంస్థ అమ్మే నన్నారి షర్బత్తు తీసుకోవచ్చు. ఇతర సీసాలు కొనేటప్పుడు చీటీ మీద వేరు పేరుందో, రంగూ ఎసెన్సూ మాత్రమే ఉన్నాయో చదివి కొనాలి.

ఆ సాయంత్రం కారులో వదిన నోటుపుస్తకం తిప్పుతూ అంది: "చూశావా, బొరుగులకు అరనిమిషం, సబ్జాకు పావుగంట, వేరుకు ఒక రాత్రి. వంటంతా నీళ్ళే చేస్తున్నాయి, మనం గడువు చూసుకుంటే చాలు."

ఆ మాట తర్వాత దారంతా నేను ప్రతి వంటనీ అలాగే చూశాను.

కోడూరు తోటలు, కాట్పాడి పెరుగన్నం

కడప దాటి, రాజంపేట మీదుగా రైల్వే కోడూరు వైపు వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా మామిడి, అరటి, బొప్పాయి తోటలు. ఒక తోట ముందు ఆగి బంగినపల్లి పళ్ళు కొన్నాం. పక్కనే ముక్కు వంపు తిరిగిన తోతాపురి కాయలు కోసి ఉప్పుకారం అద్ది అమ్ముతున్నారు. మనం డబ్బాల్లో తాగే మామిడి రసానికి ఎక్కువగా వాడేది ఈ తోతాపురి గుజ్జే. చిత్తూరు ప్రాంతంలో గుజ్జు ఫ్యాక్టరీలు పెరిగింది దీనివల్లే. పీచు తక్కువ, పులుపు కొంచెం నిలుస్తుంది, అందుకే నీళ్ళు కలిపినా రుచి చప్పబడదు. "జూన్ వస్తే పండుతుంది, అప్పుడు తీసుకోండమ్మా" అన్నాడు తోటాయన.

జూన్‌లో ఇంట్లో చేశాం. రెండు పండ్ల గుజ్జును మిక్సీలో తిప్పి జల్లెడ పట్టి, దానికి రెండింతల చల్లని నీళ్ళు, పండు తీపిని బట్టి పంచదార, అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. రుచిని నిలబెట్టేది ఆ ఉప్పూ నిమ్మరసమే. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకూడదు. డబ్బా మీద పండు గుజ్జు శాతం చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. దాన్ని ఒకసారి చదివి, తర్వాత ఈ గ్లాసు తాగితే తేడా పిల్లలకే తెలుస్తుంది.

తిరుపతిలో దర్శనమయ్యాక కారు వెనక్కి పంపి, కాట్పాడి నుంచి మదురై రైలెక్కాం. మాతోపాటు ఎక్కిన వేలూరు తెలుగు కుటుంబం స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చుకుంది. పొద్దున కలిపిందట. రాత్రి తొమ్మిదికి మూత తీస్తే పులుపు లేదు, నీరు తేలలేదు. అంతసేపు ఎలా నిలిచిందని అడిగితే ఆ ఇంటి పెద్దామె వివరంగా చెప్పారు. గ్లాసు బియ్యం నాలుగు గ్లాసుల నీళ్ళతో మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదపాలి. గోరువెచ్చగా అయ్యాక, కాచి చల్లార్చిన పాలు రెండు గ్లాసులు పోసి, పెరుగు రెండు చెంచాలు మాత్రమే కలపాలి. అన్నమే డబ్బాలో తోడుకుంటూ వస్తుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు చల్లారాక కలపాలి. దానిమ్మ గింజలు తినేముందు వేసుకోవాలి. మరీ ఎండగా ఉన్న రోజున మధ్యాహ్నానికే తినెయ్యాలనీ, రాత్రికైతే పొద్దెక్కాక కలపాలనీ కూడా చెప్పారు. హోటళ్ళలో కట్టిచ్చే పొట్లం పెరుగుతోనే కలుపుతారు కాబట్టి గంటల్లోనే పులుస్తుంది. పాలు ఎక్కువ, తోడు తక్కువ అన్నదొక్కటే రహస్యం.

మదురై జిగర్‌తండా

మదురైలో పొద్దున మీనాక్షి అమ్మవారి దర్శనం. బయటికొచ్చి ఒక చిన్న హోటల్లో పళయ సోరు తిన్నాం. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం, మజ్జిగ, పచ్చి చిన్నుల్లిపాయలు. సీమలో సద్దన్నం, కోస్తాలో చద్దన్నం, ఇక్కడ పళయ సోరు. కావలసింది ఒక కుండ, నీళ్ళు, ఒక రాత్రి. ఇంతకంటే తేలికైన వేసవి భోజనం నాకు తెలియదు.

సాయంత్రం విళక్కుతూణ్ దగ్గర జిగర్‌తండా దుకాణం ముందు నిలబడ్డాం. జనం ఫుట్‌పాత్ నిండా ఉన్నారు. గ్లాసు అడుగున నానిన బాదం బంక, దాని మీద ముదురురంగు పాకం, చిక్కగా కాచి చల్లార్చిన పాలు, పైన ఒక ముద్ద ఐస్‌క్రీం. కలిపి తాగితే ఆ పాకం నన్నారి! అహోబిలంలో వేరు విరిచినప్పుడు వచ్చిన వాసన ఇక్కడ పాలల్లో కలిసి ఇంకోలా పలికింది. నల్లమల నుంచి ఈ వైగై నది ఒడ్డు దాకా ఒకే వేరు మాకు తోడొచ్చిందని అప్పుడే తెలిసింది, ఇద్దరం మాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేశాం.

ఇంట్లో దీన్ని చెయ్యడం కష్టమేమీ కాదు. బాదం బంక చిన్న ముక్కలు రెండు మూడు, అంటే సుమారు పది గ్రాములు, రాత్రి అరలీటరు నీళ్ళలో వెయ్యాలి. పొద్దునకు గిన్నె నిండా పారదర్శకంగా ఉబ్బుతుంది. బెరడు నలుసులుంటే ఏరి, కడిగి ఫ్రిజ్‌లో పెట్టాలి. బంకకు తనదంటూ రుచి ఉండదు, చల్లదనాన్ని పట్టి ఉంచడమే దాని పని. లీటరు చిక్కటి పాలను సన్నసెగ మీద సగానికి పైగా మిగిలేలా కాచి, నాలుగు చెంచాల పంచదార కలపాలి. మీగడను అంచుల నుంచి గీరి పాలలోకే తొయ్యాలి. చల్లారాక అందులో ఒక గ్లాసెడు డీప్ ఫ్రీజర్‌లో గట్టిపడనిస్తే అదే ఐస్‌క్రీం, బయటి నుంచి కొననక్కర్లేదు. గ్లాసులో బంక రెండు చెంచాలు, నన్నారి పాకం రెండు చెంచాలు, పాలు, పైన గడ్డకట్టిన పాల ముద్ద. నన్నారి లేకపోతే ఆ గ్లాసు తియ్యటి చల్లటి పాలే. జిగర్‌తండా కాదు.

ఇంట్లో ఇప్పుడు

తిరిగొచ్చాక మా వంటింట్లో పని వేళలు మారాయి. రాత్రి భోజనాలయ్యాక ఒక పళ్ళెంలో మూడు గిన్నెలు సర్దుతాను: ఒకదాంట్లో వేర్లు, ఒకదాంట్లో బాదం బంక, ఒకదాంట్లో మిగిలిన అన్నం. పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగించి పాలు కాచి, పాకం పట్టి, తాలింపు వేసి, ఏడున్నరకల్లా ఆపేస్తాను. ఆ తర్వాత రోజంతా కలుపుకోవడమే. సబ్జా వేసుకుని పిల్లలే షర్బత్తు చేసుకుంటారు. మధ్యాహ్నం పెరుగన్నం, ఆకలేస్తే సాయంత్రం ఉగ్గాని.

వేసవిలో వంటింటి వేడిని భరించేది ఎక్కువగా ఆడవాళ్ళే. బయట నలభై మూడు డిగ్రీలున్నప్పుడు లోపల పొయ్యి పక్కన నిలబడటం ఎంత నరకమో వాళ్ళకే తెలుసు. అందుకే ఈ వంటల్ని నేను రుచికే గాక, అవి మిగిల్చే గంటల కోసం కూడా ప్రేమిస్తున్నాను. మీరూ ఒకటి చేసి చూడండి. అన్నిటికంటే తేలికైంది ఉగ్గాని, దానితో మొదలుపెట్టండి. నచ్చితే ఆ రాత్రే వేర్లు నానబెట్టండి. కొలతలు మీ ఇంటి రుచిని బట్టి మార్చుకోండి గానీ, నీళ్ళకిచ్చిన గడువు మాత్రం తగ్గించకండి.