పదిసార్లలో ఒక్కసారి

బాపట్ల, చీరాల తీరంలో నివసించే వారికి సూర్యలంక వైమానిక దళ స్థావరం పేరు కొత్త కాదు. మన దేశపు ఆకాశ్ క్షిపణులను అక్కడి నుండి సముద్రం మీదికి ప్రయోగించి పరీక్షిస్తుంటారు. 2023 డిసెంబరులో జరిగిన ‘అస్త్రశక్తి’ విన్యాసంలో ఒకే ప్రయోగ వ్యవస్థ నుండి వెడలిన క్షిపణులు సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఒకేసారి నాలుగు లక్ష్యాలను ఛేదించాయని ప్రభుత్వం ప్రకటించింది. పత్రికలో ఆ వార్త చదివిన మా విద్యార్థి ఒకడు ఆందోళనగా అడిగాడు: “హజ్రత్, ఆ లక్ష్యాలలో మనుషులుంటారా?”

ఉండరు. ఇటువంటి పరీక్షలకు మనిషి లేని విమానాలను వాడతారు. ఆకాశంలో శత్రు విమానంలా సంచరించి, దెబ్బ తినడమే వాటి పని. బెంగుళూరులోని ప్రభుత్వ పరిశోధనాలయం ఈ పని కోసం ‘లక్ష్య’ అనే చిన్న జెట్ విమానాన్ని రూపొందించింది. అది రాకెట్ ఊతంతో నేల నుండి లేచి, రేడియో ఆజ్ఞల ప్రకారం ఎగిరి, పారాచూట్ సాయంతో దిగుతుంది. లోపల ప్రాణం లేదు గనుక దాని విషయంలో అజాగ్రత్త చెల్లుతుందని అనుకోరాదు. లోపల మనిషి ఉన్న విమానంలో ఏదైనా వింత శబ్దం వస్తే పైలట్ గ్రహిస్తాడు. మనిషి లేని యంత్రంలో ఆ గ్రహింపు అంతా నేల మీదనే, అది లేవక ముందే ముగిసిపోవాలి.

ఈ సంగతి మాకు పుస్తకాల వలన తెలిసినది కాదు. మా అన్నగారి కుమారుని వలన తెలిసింది.

అతడు బెంగుళూరులో ఇంజనీరు. రేడియోతో నడిచే నమూనా జెట్ విమానాలను ఎగురవేయడం అతని వ్యాసంగం. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి నిజమైన టర్బైన్ ఇంజనుతో, కిరోసిన్ వంటి ఇంధనంతో నడిచేది. అరచేతి వెడల్పు ఇంజను నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, వెనుక నుండి వెలువడే గాలి వందల డిగ్రీల వేడితో ఉంటుంది, పక్కన మంటలార్పే సిలిండరు లేకుండా దానిని అంటించరు. రెండవది బ్యాటరీతో నడిచేది. దానిలో విమానపు కడుపు లోపల ఒక గొట్టం, ఆ గొట్టంలో చిన్న పంకా ఉంటాయి. మా వాని దగ్గర ఉన్నది ఈ రెండవ రకం. రెక్కల కొస నుండి కొస వరకు మీటరుకు కాస్త ఎక్కువ, బరువు మూడు కిలోల లోపు. చూడటానికి ఆటబొమ్మ. కానీ గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగంతో అది వచ్చి తాకితే మనిషి ప్రాణానికి ముప్పే.

మా అన్నగారికి ఈ వ్యాసంగం ఏనాడూ రుచించలేదు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ప్రతి రూపాయినీ లెక్క చూసుకుని బతికిన మనిషి. కొడుకు ఒక నెల జీతం మూడు నిమిషాల ఎగురుడుకు ధారపోశాడని ఆయన బాధ. దుబారాను ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా ఖండించిందో మా చేత కొడుక్కి చెప్పించాలని రెండు మూడుసార్లు ప్రయత్నించారు కూడా. మేము చెప్పాము. అతడు వినయంగా విన్నాడు. విని, “చాచా, ఒక్కసారి చూడండి, తర్వాత చెప్పండి” అన్నాడు. ఇంతలో అతనికి జర్మనీలో ఉద్యోగం వచ్చింది. ప్రయాణానికి రెండు రోజుల ముందు వాడరేవులో తండ్రి ఎదుట విమానం ఎగురవేయాలని అతని కోరిక. ఎన్నడూ రానని భీష్మించిన అన్నగారు ఆ ఒక్కసారికి సరేనన్నారు.

సూర్యలంక స్థావరం ఇదే తీరంలో ఉన్నందున మా వాడు మొదట గగనతలపు మ్యాపు తెరిచాడు. మన దేశంలో 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఏదీ ఎగరరాదు. నమూనా విమానమైతే 25 కిలోల బరువు మించరాదు, కంటికి కనిపించే దూరం దాటరాదు. అనుమతి సంగతి పూర్తిగా తేలి, స్థానిక పోలీసు స్టేషనులో తెలియజేసి వచ్చిన తర్వాతనే అతడు బ్యాటరీలు ఛార్జింగుకు పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం వాడరేవు తీరం ఎలా ఉంటుందో చీరాల వారికి చెప్పనవసరం లేదు. అందుకే ఫజ్ర్ నమాజు ముగియగానే బయలుదేరాము. మా మదరసా పిల్లలు, బంధువుల పిల్లలు, అన్నగారు, వదినగారు. సముద్రపు గాలి ఇంకా లేవలేదు. సరుగుడు తోటలో ఆకు కదలడం లేదు. ఊరికి దూరంగా, పడవలు లేని చోట, ఆటుకు తడిసి గట్టిపడిన ఇసుక మీద పెద్ద టార్పాలిన్ పరిచి దానిపై విమానాన్ని ఉంచాడు. పంకా గాలిని లాగేటప్పుడు ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా రెక్కలు చెక్కుకుపోతాయట. పిల్లలను టార్పాలిన్‌కు ఇరవై అడుగుల దూరంలో, వెనుక వైపున కూర్చోబెట్టాడు. పంకా తిరిగేటప్పుడు పక్కన గానీ ముందు గానీ ఎవరూ ఉండరాదు.

ఆపై మొదలైంది తనిఖీ. పెట్టె మూత లోపలి వైపున అతికించిన కాగితం ఒకటి ఉంది. ప్రతి అంశాన్నీ పైకి చదివి, చేసి, తర్వాతి దానికి వెళ్ళాడు. అన్నీ కంఠతా వచ్చి కూడా కాగితం ఎందుకు చూస్తున్నావని అడిగాము. “వచ్చు గనుకనే చాచా. వచ్చిన పనిలోనే ఒకటి వదిలేస్తాము” అన్నాడు. మదరసాలో హిఫ్జ్ చేసిన పిల్లవాని చేత కూడా ఉస్తాదు ఎదుట మళ్ళీ మళ్ళీ అప్పజెప్పించుకుంటాము. ఆ సంగతి గుర్తుకు వచ్చి మేము మారు మాట్లాడలేదు.

మొదట చేతిలోని ట్రాన్స్‌మిటరును ఆన్ చేయాలి, ఆ తర్వాతనే విమానంలోని బ్యాటరీని కలపాలి. ఆపేటప్పుడు దీనికి తలకిందులు. విమానం ఎన్నడూ ఆజ్ఞ లేకుండా మేల్కొని ఉండరాదు. ట్రాన్స్‌మిటరు జ్ఞాపకంలో అతని మూడు విమానాల లెక్కలూ ఉంటాయి, కనుక తెర మీద ఈ విమానం పేరే ఉన్నదా అని చూశాడు. బ్యాటరీలో ఆరు సెల్లులు. నిండా ఛార్జయితే ఒక్కోదానిలో 4.2 వోల్టులు, మొత్తం 25.2. సెల్లు సెల్లుకూ మీటరు పెట్టి చూశాడు. తర్వాత రెక్కల అడుగున ముందే గీసిన రెండు గుర్తుల కింద చూపుడు వేళ్ళు పెట్టి విమానాన్ని పైకెత్తాడు. అది ముక్కు వైపుకు గానీ తోక వైపుకు గానీ ఒరగకుండా నిలవాలి. తోక బరువైతే గాలిలో దానిని అదుపు చేయడం ఎవరి తరమూ కాదు. కొంచెం తోక వైపు ఒరిగింది. బ్యాటరీని వేలి మందమంత ముందుకు జరిపి మళ్ళీ ఎత్తాడు. తూగింది.

విమానం వెనుక నిలబడి కర్రను కుడికి వంచితే కుడి రెక్క చివరి పలక పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. కర్రను తన వైపు లాగితే తోక పలక పైకి లేవాలి. మరమ్మతు చేసిన తర్వాత తీగలు తారుమారై, కుడి అంటే ఎడమకు తిరిగి, లేచిన క్షణంలోనే నేలకూలిన విమానాలను అతడు చూశాడట. పలకలు కదలడం కాదు, సరైన వైపుకు కదలడం చూడాలన్నాడు. మాకు నచ్చిన మాట ఇది.

అన్నిటికన్నా మమ్మల్ని ఆలోచింపజేసిన పరీక్ష మరొకటి. విమానాన్ని ఒక మేనల్లుని చేత గట్టిగా పట్టించి, పంకాను కొద్దిగా తిప్పి, చేతిలోని ట్రాన్స్‌మిటరును ఉన్నట్టుండి ఆపివేశాడు. పంకా వెంటనే ఆగిపోయింది. ఆగాలి. ఆజ్ఞ అందనప్పుడు ఏమి చేయాలో విమానానికి ముందే నేర్పి ఉంచాలి. నేర్పకుంటే చివరి ఆజ్ఞనే పట్టుకుని జనం మీదికి పోవచ్చు. దీనిని వారు ఫెయిల్‌సేఫ్ అంటారు. యజమాని గొంతు వినిపించని వేళ ఎవరికీ హాని చేయకుండా ఆగిపోవడం.

అప్పటికి నలుగురైదుగురు మత్స్యకారులు వలలు వదిలి వచ్చి నిలబడ్డారు. వారిలో పెద్దవాడైన సరంగు ఇదంతా చూసి నవ్వి, “మేమూ అంతే సాయిబుగారూ. ఇంజను రేవులోనే కాసేపు ఆడించి గానీ వేటకు పోము. లోపలికి పోయినాక ఆగితే ఎవడొస్తాడు?” అన్నాడు.

చివరిది దూరపు పరీక్ష. ట్రాన్స్‌మిటరు శక్తిని కావాలని తగ్గించి, ముప్పై అడుగులు నడిచి వెళ్ళి, అక్కడి నుండి పలకలను ఆడిస్తాడు. తక్కువ శక్తితో అంత దూరం పనిచేస్తే, పూర్తి శక్తితో ఎగిరేటప్పుడు భయం లేదు. రెక్కల పలకలు చక్కగా ఆడాయి. తోక పలక కూడా ఆడింది. కానీ ఒకసారి, పైకి లేచే మధ్యలో, చిటికెంత సేపు తట్టుకుని ఆగి, మళ్ళీ కదిలింది. మేమెవరమూ చూడలేదు. అతడు చూశాడు. దగ్గరికి వచ్చి పలకను కదిలించే సర్వో అనే చిన్న మోటారు దగ్గర చెవి పెట్టి విన్నాడు. పదిసార్లు కర్ర లాగాడు. తొమ్మిదిసార్లు నున్నగా కదిలింది. ఒక్కసారి తట్టింది. లోపలి చక్రంలో పన్ను అరిగి ఉంటుందన్నాడు. విడి సర్వో వెంట లేదు, చీరాలలో దొరకదు.

“పదిలో తొమ్మిది బాగుందిగా, ఒక్క చుట్టు తిప్పి దించెయ్” అన్నాడు మేనల్లుడు. పిల్లల కళ్ళు ఆశతో వెలుగుతున్నాయి. ఎల్లుండి ప్రయాణం. తండ్రి వచ్చి ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇరవై ఏళ్ళ అభ్యంతరాన్ని పక్కకు పెట్టి వచ్చిన తండ్రి. గాలి లేదు, ఆకాశం నిర్మలం. మేము కూడా మనసులో, అల్లాహ్ దయతో ఏమీ కాదులే, ఎగరనీ అనే అనుకున్నాము.

అతడు బ్యాటరీ తీగను విడదీశాడు. తర్వాత ట్రాన్స్‌మిటరును ఆపాడు. తోక పలక తట్టుకుంటే ముక్కును ఎత్తే మరో మార్గమే లేదని, అటు వైపు పడవల దగ్గర మనుషులున్నారని రెండే మాటలు చెప్పి, విమానాన్ని పెట్టెలో సర్దడం ప్రారంభించాడు. ఒక చిన్నవాడు ఏడ్చాడు. మేమంతా అన్నగారి ముఖం వంక చూశాము, వెటకారపు మాట ఏదో వస్తుందని. ఆయన లేచి, పెట్టె దగ్గరికి వెళ్ళి, మూత లోపలి కాగితాన్ని కళ్ళద్దాలు సర్దుకుని మొదటి నుండి చివరి దాకా చదివారు. “యార్డులో కాటా ఒక్కసారి తప్పు చూపితే, ఆ పూట దాని మీద బస్తా పెట్టనిచ్చేవాణ్ణి కాదు. రైతులు తిట్టేవాళ్ళు” అన్నారు. కొడుకుతో ఆ ఉదయం ఆయన అన్నది ఇంతే. కారు దాకా పెట్టెకు ఒక వైపు తానే పట్టుకున్నారు.

ఆగడం ఎంత కష్టమో తెలియాలంటే ఇదే తూర్పు తీరంలో దక్షిణంగా ఉన్న శ్రీహరికోట చరిత్ర చూడాలి. 1979 ఆగస్టు 10న మన మొదటి ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్.ఎల్.వి-3 ప్రయోగం. రామేశ్వరంలో పడవలు కట్టించిన తండ్రికి పుట్టిన అబ్దుల్ కలాం గారు దానికి నాయకుడు. చివరి నిమిషాల్లో లోపం కనిపించి కంప్యూటరు ప్రయోగాన్ని నిలిపివేసిందని, నిపుణులు ఫరవాలేదన్నారని, తాను కంప్యూటరును పక్కకు నెట్టి ప్రయోగించానని కలాం గారే తదనంతర కాలంలో ఎన్నో సభలలో చెప్పుకున్నారు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయింది. రాకెట్ అయిదు నిమిషాల పైచిలుకు ఎగిరి బంగాళాఖాతంలో పడింది. ఆనాడు సంస్థ అధిపతి సతీశ్ ధావన్ గారు పత్రికల వారి ముందు బాధ్యతను తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న అదే రాకెట్ విజయం సాధించినప్పుడు మాట్లాడటానికి కలాం గారిని ముందుకు పంపారు. ధావన్ గారి గొప్పతనాన్ని అందరూ చెబుతారు, చెప్పదగినదే. మాకు మాత్రం కంప్యూటరు ఆగమన్న ఆ క్షణమే ఎక్కువ గుర్తుంటుంది. అంతటి సత్పురుషునికి, అంతటి మేధావికి కూడా ఆ వేళ ఆగడం సాధ్యం కాలేదు.

కాగితం మీద రాసుకుని తనిఖీ చేసే పద్ధతికి మూలం కూడా ఒక ప్రమాదమే. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ వారి కొత్త బాంబర్ విమానం లేచిన కొద్ది క్షణాలకే కూలింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసే గడియను తీయడం అనుభవజ్ఞులైన పైలట్లు మరచారు. ఇద్దరు మరణించారు. ఆ తర్వాతనే వైమానికులు జ్ఞాపకాన్ని నమ్మడం మాని కాగితాన్ని చేతబట్టారు.

మరునాడు తరగతిలో పిల్లలకు ఇవన్నీ చెప్పాము. తొమ్మిదవ శతాబ్దపు కార్డోబాలో ఈకల రెక్కలు కట్టుకుని ఎగిరిన అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ గురించి కూడా చెప్పాము. కొంత దూరం ఎగిరి, దిగేటప్పుడు నడుము దెబ్బ తిన్నాడు. పక్షి తోక ఆధారంగా దిగుతుందన్న సంగతి అతడు లెక్కలోకి తీసుకోలేదని చరిత్రకారుడు మఖ్ఖరీ రాశాడు. “అయితే హజ్రత్, ఆయనదీ తోక దగ్గరే పోయింది!” అన్నాడు వెనుక బల్ల మీది పిల్లవాడు. తరగతి అంతా నవ్వింది.

ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్ మీద భారం వేయమన్న దైవప్రవక్త (స) హితవు మనకందరికీ తెలుసు. తెలిసి కూడా బ్రేకులు సరిగా పడని మోటారు సైకిలు మీద ముగ్గురిని ఎక్కించుకుని, బిస్మిల్లాహ్ అని చీరాల రోడ్డెక్కే వారిని రోజూ చూస్తున్నాము. తవక్కుల్ అనే పవిత్రమైన మాటను మన బద్ధకానికి మారుపేరుగా వాడుకోవడం మాకు నచ్చదు. ఖర్చు విషయంలో మాత్రం మా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అంత డబ్బు అవసరం లేదనే అంటాము, ఫోనులో మా వానికి ఆ మాట చెప్పాము కూడా.

అతడు జర్మనీ వెళ్ళిన పది రోజులకు కొత్త సర్వో కొరియర్‌లో వచ్చింది. అన్నగారే సంతకం చేసి తీసుకున్నారు. విమానం ఇప్పుడు వారి ఇంటి బీరువా పైన ఉంది. ఆ రకపు బ్యాటరీలను నిండు ఛార్జితో ఉంచితే ఉబ్బిపోతాయి, అగ్గి పుట్టే ప్రమాదమూ ఉంది. సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర, ఇనుప డబ్బాలో, వేడి తగలని చోట ఉంచాలి. నెలకోసారి చూసి చెప్పమని కొడుకు మీటరు ఇచ్చి వెళ్ళాడు. మొన్న మేము వెళ్ళేసరికి అన్నగారు మిర్చి యార్డు నాటి ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో గీతలు గీసి, తేదీ వేసి, ఆరు సెల్లుల లెక్క రాస్తున్నారు. నాలుగవ సెల్లు 3.79 ఉందట. మళ్ళీ పెట్టి చూస్తున్నారు.