పక్కనే ఉన్న యంత్రానికి దారి

ఒక కంప్యూటరులో సాఫ్ట్‌వేరు సాయంతో మరో కంప్యూటరును నడిపినప్పుడు, అంటే తన ప్రాసెసరునూ మెమరీనీ డిస్కునూ పంచి ఇచ్చే హోస్టు మీద వర్చువల్ మెషీన్ అనే గెస్టును ఏర్పాటు చేసినప్పుడు, రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి కనుక వాటి మధ్య రాకపోకలు వాటంతట అవే సాగుతాయని అనుకోవడం సహజమే గాని, నెట్‌వర్కు దృష్టిలో అవి ఒకదానికొకటి పరిచయం లేని రెండు వేర్వేరు యంత్రాలు. గెస్టుకు తనకంటూ ఒక నెట్‌వర్కు కార్డు ఉన్నట్టే కనిపిస్తుంది. అది ఇంటెల్ వారి పాత ఈ1000 కార్డుకు అనుకరణ కావచ్చు, వర్చువల్ యంత్రాల కోసమే రూపొందిన వర్టియో కార్డు కావచ్చు. దాని డ్రైవరు ఎప్పటిలాగే ప్యాకెట్లను, అంటే పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా రాసి ఉన్న చిన్న చిన్న సమాచార ఖండాలను, తీగలోకి వదులుతుంది. అయితే ఆ తీగ లేదు. కార్డు నుంచి వెలువడిన ప్యాకెట్టు హోస్టు మెమరీలో నడుస్తున్న ఒక ప్రోగ్రాము చేతికి వస్తుంది. దాన్ని ఎక్కడికి చేర్చాలో, ఎవరి పేరుతో చేర్చాలో, అసలు చేర్చాలో వద్దో ఆ ప్రోగ్రామే తేలుస్తుంది. సెట్టింగుల తెర మీద నాట్, హోస్ట్-ఓన్లీ, బ్రిడ్జ్ అని కనిపించేవి ఆ తీర్పులోని రకాలే. వాటిని వేగంలోనో సౌకర్యంలోనో తేడాలుగా కాక, సంభాషణను మొదలుపెట్టే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్నకు వేర్వేరు సమాధానాలుగా చదివితే ఈ విషయంలోని చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి.

వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో కొత్త యంత్రాన్ని తయారుచేసి, ఏ సెట్టింగూ మార్చకుండా నడిపితే దానికి 10.0.2.15 అనే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్కులో దాన్ని గుర్తించే సంఖ్య, వస్తుంది. అలాంటిదే మరో ప్రోగ్రామైన క్యూఈఎంయూను దాని యూజర్ మోడ్ నెట్‌వర్కుతో నడిపినా అదే సంఖ్య కనిపిస్తుంది. ఏ ఊళ్లో, ఏ దేశంలో చూసినా ఇదే చిరునామా ఎందుకు వస్తుందో తెలియాలంటే 1990ల నడిమి కాలానికి, ఇంటర్నెట్ టెలిఫోను తీగల మీద నడిచిన రోజులకు వెళ్లాలి. ఆనాడు చాలామందికి అందిన సౌకర్యం షెల్ ఖాతా మాత్రమే, అంటే మోడెముతో దూరాన ఉన్న యూనిక్స్ కంప్యూటరుకు ఫోను కలిపి, దాని మీద అక్షరాలతో ఆజ్ఞలు టైపు చేసుకునే వీలు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను తెరిచినప్పుడు విద్యార్థులకు చవకగా దొరికింది కూడా ఇలాంటి అక్షరాల ఖాతాయే. ఇంట్లోని కంప్యూటరు తానే ఇంటర్నెట్‌లో భాగం కావాలంటే అంతకంటే ఖరీదైన ఖాతా కావలసి వచ్చేది. డానీ గాస్పరోవ్‌స్కీ రాసిన స్లర్ప్ అనే ప్రోగ్రాము ఈ అడ్డంకిని తొలగించింది. అది షెల్ ఖాతాలో, ఎలాంటి ప్రత్యేకాధికారాలూ లేకుండా, మామూలు ప్రోగ్రాముగా నడుస్తూ, ఇంటి కంప్యూటరు ఫోను తీగ మీదుగా పంపిన ప్యాకెట్లను విప్పి, వాటిలోని ప్రతి కోరికనూ ఆ యూనిక్స్ యంత్రం మీద తన సొంత కనెక్షనుగా తెరిచి, వచ్చిన జవాబును మళ్లీ ప్యాకెట్లుగా మలిచి వెనక్కి పంపేది. ఇంటి కంప్యూటరు పెట్టుకోవలసిన చిరునామాగా స్లర్ప్ నిర్ణయించిన సంఖ్యే 10.0.2.15.

ఫాబ్రిస్ బెలార్ 2003లో వెలువరించిన క్యూఈఎంయూకు సరిగ్గా ఇలాంటి అవసరమే ఎదురైంది: హోస్టులో అడ్మినిస్ట్రేటరు అధికారం లేని వినియోగదారుడు కూడా తన గెస్టును ఇంటర్నెట్‌కు చేర్చుకోగలగాలి. అందుకు స్లర్ప్ కోడు సిద్ధంగా ఉంది. వర్చువల్‌బాక్స్ నాట్ విధానం కూడా ఆ కోడు నుంచే పెరిగింది. మోడెములు కనుమరుగైనా, అక్షరాల ఖాతాలు మాసిపోయినా, డబ్బు తక్కువైన వారి కోసం పుట్టిన ఆ ఉపాయం నేటికీ లక్షణంగా పనిచేస్తోంది. సాఫ్ట్‌వేరు చరిత్రలో ఇంత ఉదారమైన వారసత్వం అరుదు, గుర్తుంచుకోదగినది.

ఈ పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే నాట్ స్వభావమూ తెలిసినట్టే. హాస్టలు విద్యార్థుల ఉత్తరాలన్నీ వార్డెను పేరుతో బయటకు వెళ్లి, జవాబులు వచ్చాక ఆయన తన పుస్తకం చూసి ఎవరివి వారికి అందించే ఏర్పాటులో, లోపలివారు ముందుగా రాయనిదే బయటి నుంచి వచ్చిన ఉత్తరం ఎవరికి చెందుతుందో చెప్పడం సాధ్యం కాదు; నాట్‌లోనూ అంతే. గెస్టు మొదలుపెట్టిన మామూలు సంభాషణలు సాఫీగా సాగుతాయి, హోస్టు మొదలుపెట్టాలనుకున్నది ప్రత్యేక ఏర్పాటు లేనిదే సాగదు. గెస్టులో వెబ్‌సైట్లన్నీ తెరుచుకుంటున్నా హోస్టు నుంచి 10.0.2.15ను పలకరిస్తే జవాబు రాకపోవడానికి కారణం లోపం కాదు. ఆ చిరునామా వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాము లోపల తప్ప మరెక్కడా లేదు, దాని వైపు వెళ్లే దారి హోస్టుకు తెలియదు. ఒకే హోస్టు మీద నాట్‌లో నడిచే నాలుగు గెస్టులకూ అదే చిరునామా ఉన్నా తగాదా రాకపోవడానికీ ఇదే కారణం, ఎందుకంటే ఒక్కొక్కటీ తనదైన విడి ప్రపంచంలో ఉంది. ఎదురు దిశలో మాత్రం ద్వారం తెరిచే ఉంది: గెస్టుకు గేట్‌వేగా, అంటే బయటి లోకానికి తీసుకెళ్లే మజిలీగా కనిపించే 10.0.2.2 నిజానికి హోస్టుకే మారుపేరు. క్యూఈఎంయూలో ఈ చిరునామాకు వెళ్లిన కనెక్షను హోస్టు సొంత అవసరాలకే పరిమితమైన 127.0.0.1 మీద వినే సర్వీసులను కూడా అందుకోగలదు కాబట్టి, నమ్మదగని సాఫ్ట్‌వేరును పరీక్షించడానికి గెస్టును వాడేవారు ఈ సంగతిని తేలికగా తీసుకోకూడదు.

హోస్టు నుంచి గెస్టును చేరుకోవడానికి నాట్‌లో ఉన్న మార్గం పోర్ట్ ఫార్వర్డింగ్. పోర్టు అంటే ఒకే చిరునామాలో పనిచేసే అనేక సర్వీసులను వేరుచేసి చూపే సంఖ్య. హోస్టు తన 2222వ పోర్టుకు వచ్చిన ప్రతి కనెక్షనునూ గెస్టు 22వ పోర్టుకు, అంటే దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసుకు, అప్పగించేలా ముందే నియమం రాసిపెట్టాలి. ఇక్కడ తరచుగా తప్పటడుగు పడే చోటు ఒకటుంది. ఏ యంత్రంలోనైనా 127.0.0.1 అంటే ఆ యంత్రమే. గెస్టులోని డేటాబేస్ సర్వీసు ఆ చిరునామా మీద మాత్రమే వింటూ ఉంటే, ఫార్వర్డ్ అయిన కనెక్షను 10.0.2.15కు చేరుతుంది కనుక తిరస్కరణే ఎదురవుతుంది. సర్వీసును గెస్టు కార్డు చిరునామా మీద కూడా వినేలా మార్చనిదే, నియమాలు ఎన్ని తిరగరాసినా ఫలితం ఉండదు.

ఒకటి రెండు సర్వీసులకైతే పోర్ట్ ఫార్వర్డింగ్ చాలు. హోస్టూ గెస్టూ సమాన హోదాలో మాట్లాడుకోవాలంటే హోస్ట్-ఓన్లీ విధానం మెరుగు. ఇందులో వర్చువల్‌బాక్స్ హోస్టుకు కూడా ఒక ఊహాజనిత కార్డును అమర్చుతుంది. సాధారణంగా దానికి 192.168.56.1, గెస్టులకు 192.168.56.101 నుంచి పైకి చిరునామాలు వస్తాయి. వీటిని అడిగినవారికి పంచేది డీహెచ్‌సీపీ సర్వర్ అనే చిన్న ప్రోగ్రాము. హోస్టూ గెస్టులూ కలిసి ఒక చిన్న పేటలా ఏర్పడి, ఎవరు ఎవరినైనా ముందుగా పలకరించగలుగుతారు. ఆ పేట నుంచి ఇంటర్నెట్‌కు మాత్రం దారి ఉండదు. లినక్స్, మ్యాక్ హోస్టుల మీద వర్చువల్‌బాక్స్ 6.1.28 వెర్షన్ నుంచి ఈ పేటకు 192.168.56.0 మొదలు 192.168.63.255 వరకు మాత్రమే స్థలం కేటాయించారు; అడ్మినిస్ట్రేటరు ఒక ఫైలులో ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప వేరే చిరునామాలు చెల్లవు. పాత పుస్తకాల్లోని చిరునామాలను యథాతథంగా వాడినవారికి ఎదురయ్యే దోష సందేశం ఇక్కడి నుంచి వచ్చినదే.

గెస్టుకు రెండు కార్డులు పెట్టి, ఒకటి నాట్‌కూ రెండోది హోస్ట్-ఓన్లీకీ కేటాయించడం ఎంతో నిలకడైన ఏర్పాటు. ల్యాప్‌టాప్ ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి రైలులోకి మారినా, బయటి నెట్‌వర్కు ఎన్నిసార్లు మారినా, హోస్టుకూ గెస్టుకూ మధ్య చిరునామాలు చెక్కుచెదరవు. ఇందులో పాటించవలసిన నియమం ఒక్కటే: హోస్ట్-ఓన్లీ కార్డుకు గేట్‌వే రాయకూడదు. రాస్తే ఇంటర్నెట్‌కు వెళ్లవలసిన ప్యాకెట్లు దారి లేని పేటలోకి మళ్లి అక్కడే అంతరిస్తాయి, అప్పటిదాకా సవ్యంగా ఉన్న నాట్ కార్డు చెడిపోయినట్టు కనిపిస్తుంది.

లినక్స్‌లో కేవీఎం అనే వ్యవస్థ మీద నడిచే వర్చువల్ యంత్రాలను నిర్వహించే లిబ్‌వర్ట్ ఈ రెండు కార్డుల పనినీ ఒక్క కార్డుతోనే సాధిస్తుంది. అది హోస్టు కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టం కేంద్ర భాగంలో, విర్‌బీఆర్0 అనే సాఫ్ట్‌వేరు స్విచ్చిని ఏర్పరచి, హోస్టుకు 192.168.122.1 చిరునామా ఇచ్చి, గెస్టులను ఆ స్విచ్చికి తగిలిస్తుంది; నాట్ చేసే చిరునామా మార్పిడి గెస్టు నుంచి బయటి లోకానికి వెళ్లే ప్యాకెట్లకే వర్తిస్తుంది, హోస్టూ గెస్టూ మాత్రం స్విచ్చి మీదే నేరుగా కలుసుకుంటాయి. నాట్ అనే ఒకే పేరు కింద వర్చువల్‌బాక్స్‌లో కుదరనిది లిబ్‌వర్ట్‌లో కుదరడం చూసి తికమకపడేవారికి ఈ నిర్మాణ భేదమే వివరణ.

బ్రిడ్జ్ విధానం వీటన్నిటికంటే ధారాళమైనది. ఇందులో గెస్టు హోస్టు చాటున దాగక, ఇంటిలోనో కార్యాలయంలోనో ఉన్న అసలు నెట్‌వర్కులోకి తన సొంత మ్యాక్ చిరునామాతో, అంటే ప్రతి కార్డుకూ ఉండే గుర్తింపు సంఖ్యతో, స్వతంత్రంగా ప్రవేశిస్తుంది. వర్చువల్‌బాక్స్ గెస్టులది 08:00:27తోనూ, క్యూఈఎంయూ గెస్టులది 52:54:00తోనూ మొదలవుతుంది. నెట్‌వర్కులోని ప్రతి యంత్రమూ గెస్టును పలకరించగలదు కాబట్టి, పాత పాస్‌వర్డులతో, సవరణలు పడని సాఫ్ట్‌వేరుతో ఉన్న గెస్టును బ్రిడ్జ్‌లో పెట్టడం పక్కవారందరినీ ప్రమాదంలోకి నెట్టడమే. లినక్స్ హోస్టులో చేతితో బ్రిడ్జ్ కట్టేటప్పుడు అసలు కార్డుకు ఉన్న ఐపీ చిరునామాను తీసి బ్రిడ్జ్‌కు ఇవ్వాలి; దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఈ పని చేసేవారు రెండు ఆజ్ఞలనూ ఒకే వరుసలో అమలు చేయకపోతే, మొదటిది ముగియగానే హోస్టుతో సంబంధం తెగిపోయి, రెండోది ఇవ్వడానికి మార్గమే మిగలదు. వైఫై మీద చిక్కు మరో రకం. ఇంటి రూటరు తన వద్ద నమోదైన మ్యాక్ చిరునామాల నుంచి వచ్చిన ప్యాకెట్లనే స్వీకరిస్తుంది, గెస్టు మ్యాక్ అక్కడ నమోదు కాలేదు. అందుకే వర్చువల్‌బాక్స్ వైఫైలో గెస్టు ప్యాకెట్లను హోస్టు మ్యాక్‌తో పంపి, తిరిగి వచ్చినవాటిని ఐపీ చిరునామా చూసి వేరుచేస్తుంది. లినక్స్‌లోని సాదా బ్రిడ్జ్ ఈ పని చేయదు.

బ్రిడ్జ్‌కు దగ్గరి బంధువైన, లినక్స్‌లోని మ్యాక్‌వీట్యాప్ అనే విధానంలో ఒక వింత కనిపిస్తుంది. గెస్టు ఊళ్లో అందరితో మాట్లాడుతుంది, తనను మోస్తున్న హోస్టుతో మాత్రం మాట్లాడలేదు. గెస్టు ప్యాకెట్లు హోస్టు నెట్‌వర్కు వ్యవస్థను తాకకుండా నేరుగా అసలు కార్డు నుంచి బయటి స్విచ్చికి వెళ్లిపోతాయి; మామూలు స్విచ్చి ఒక తీగ మీదుగా వచ్చిన ప్యాకెట్టును అదే తీగలోకి తిరిగి పంపదు కనుక అవి హోస్టుకు చేరవు. అందువల్ల హోస్టూ గెస్టూ కలవడమే ముఖ్యమైన చోట మ్యాక్‌వీట్యాప్‌ను ఎంచుకోవడం పొరపాటు. ఎంచుకోక తప్పనప్పుడు రెండో కార్డుతో ఒక హోస్ట్-ఓన్లీ నెట్‌వర్కును జోడించాలి.

ఒకే యంత్రానికి నకళ్లు తీసినప్పుడు మ్యాక్ చిరునామాలు మారినా రెండు గెస్టులకు ఒకే ఐపీ చిరునామా రావచ్చు. ఉబుంటు సర్వర్ 18.04 నుంచి తరచుగా ఎదురైన ఈ సమస్యకు కారణం, అందులోని నెట్‌వర్కు సర్వీసు డీహెచ్‌సీపీ సర్వర్‌కు మ్యాక్‌ను కాక, మెషీన్-ఐడీ అనే ఫైలు నుంచి పుట్టిన గుర్తింపును చూపడం. నకలులో ఆ ఫైలును ఖాళీ చేసి యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తే కొత్త గుర్తింపు పుడుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా హోస్టు నుంచి గెస్టుకు పింగ్, అంటే ఉనికిని అడిగే చిన్న పలకరింపు, వెళ్లి, గెస్టు నుంచి విండోస్ హోస్టుకు రాకపోవడం ఎంతో సాధారణం. హోస్ట్-ఓన్లీ నెట్‌వర్కులో గేట్‌వే లేనందున విండోస్ దాన్ని గుర్తుతెలియని నెట్‌వర్కుగా, అంటే బస్టాండులోని వైఫైలా నమ్మరాని పబ్లిక్ నెట్‌వర్కుగా లెక్కిస్తుంది. బయటివారు మొదలుపెట్టిన పలకరింపులను దాని ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది. లినక్స్‌లో దీనికి దీటైన చిక్కు డాకర్ అనే ప్రోగ్రాముతో వస్తుంది: డాకర్ ఒకచోటి నుంచి మరోచోటికి దాటిపోయే ప్యాకెట్లను డిఫాల్టుగా తిరస్కరించే నియమం పెడుతుంది, కెర్నెల్‌లో బ్రిడ్జ్ ప్యాకెట్లను కూడా ఫైర్‌వాల్ గుండా నడిపే మాడ్యూలు పనిచేస్తూ ఉంటే, బ్రిడ్జ్‌లోని గెస్టు హోస్టుతో మాట్లాడుతూనే బయటి నెట్‌వర్కుకు దూరమవుతుంది. ఇలాంటప్పుడు సెట్టింగులను గుడ్డిగా మార్చే ముందు గెస్టులోని ఏఆర్‌పీ పట్టికను, అంటే ఏ ఐపీ చిరునామా ఏ మ్యాక్‌కు చెందినదో రాసి ఉంచుకునే జాబితాను చూడాలి. అందులో హోస్టు మ్యాక్ కనిపించకపోతే తీగే కలవలేదు, విధానాన్నో చిరునామానో సరిచేయాలి. కనిపిస్తూ కూడా పింగ్‌కు జవాబు రాకపోతే, ముందుగా వెతకవలసింది ఫైర్‌వాల్ నియమాల్లో గాని వర్చువల్ యంత్రం సెట్టింగుల్లో కాదు.