అద్దపు కప్పు పగులు: ఒక కారణ విచారం

కార్యం కంటబడగానే కారణాన్ని వెదకడం మనస్సుకు సహజధర్మం. అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని చేతబట్టిన విద్యార్థికి తొలినాళ్ళలోనే ఈ విచారం ఎదురవుతుంది. సమవాయి, అసమవాయి, నిమిత్తమని కారణం త్రివిధం. ఘటానికి కపాలాలు సమవాయి కారణం. ఆ కపాలాల సంయోగం అసమవాయి. కులాలుడు, దండం, చక్రం మొదలైనవి నిమిత్తాలు. ఘటం పుట్టుకకు చెప్పిన ఈ లెక్క దాని నాశనానికీ పనికివస్తుంది. అవయవాల సంయోగం నశిస్తే అవయవి నశిస్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా నిమిత్తం దగ్గరే. నిమిత్తం ఎవరో తేలితే మూల్యం ఎవరు చెల్లించాలన్నదీ తేలిపోతుంది కదా!

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ మహానగరానికి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో స్థిరపడిన ఒక తెనాలి కుటుంబానికి 2025 జ్యేష్ఠ మాసంలో ఈ విచారం ఒక కారు కప్పు రూపంలో ఎదురైంది. ఆ గృహస్థు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నిత్యానుష్ఠానపరుడు. అతని మాతృమూర్తి ఆరు నెలలు ఉండిపోదామని తెనాలి నుండి వచ్చి ఉన్నారు. కారు విద్యుద్వాహనం, పైకప్పు మొత్తం ఒకే గాజు ఫలకం. ఏ సంస్థ తయారుచేసినదన్నది ఇక్కడ అప్రస్తుతం.

విద్యుద్వాహనాలలో బ్యాటరీ నేలభాగాన పరచి ఉంటుంది. దానివల్ల లోపలి అడుగు కొంత ఎత్తుకు వచ్చి, కూర్చున్నవారి శిరస్సుకు చోటు తగ్గుతుంది. ఇనుప కప్పునూ దాని కింది దళసరి అస్తరునూ తొలగించి గాజును అమర్చితే ఆ చోటు కొంత తిరిగి లభిస్తుంది. పైగా ఆకాశం కనబడుతుంది. టెస్లా మోడల్ 3 2017లోనూ, మోడల్ వై 2020లోనూ వచ్చిన తరువాత ఈ పద్ధతి సామాన్య గృహస్థుల ముంగిళ్ళకు చేరింది. ఇప్పుడు మన దేశంలోనూ మహీంద్రా బీఈ 6, ఎంజీ విండ్సర్ వంటి వాహనాలలో గాజు కప్పులు కనిపిస్తున్నాయి. ఇటువంటి కప్పులలో చాలావాటి గాజు ఒంటిపొరది కాదు. రెండు పలకల నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను ఇరికించి, వేడితోనూ ఒత్తిడితోనూ ఏకం చేస్తారు. పగిలినా పెంకులు లోపలివారి మీద రాలవు. పైపలక చీలినా కిందిది నిలిచి ఉండవచ్చు. ఫ్రాన్సు దేశీయుడు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ 1909లో ఇటువంటి గాజుకు పేటెంటు పొందాడు.

ఆ కారుకు వాహనపూజ ఉగాది నాడు, మార్చి 30న, అక్కడి దేవాలయంలో జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, హారతి అయింది, దిష్టి తీసి కొట్టిన కొబ్బరికాయ మాత్రం కుళ్ళింది. వాహనపూజలో కాయ కుళ్ళితే దిష్టి పోయిందని సంతోషించడం మన పెద్దల వాడుక. ఆ తల్లికి ఆనాడు ఆ మాట స్ఫురించలేదు. కాయ కుళ్ళిందన్న స్మృతి మాత్రం ఒక మూల ఉండిపోయింది.

జూన్ మొదటి వారంలో ఒక సాయంకాలం కుమారుడు కార్యాలయం నుండి బయటికి వచ్చేసరికి, ఎండలో నిలిపి ఉన్న కారు కప్పు మీద ఎడమవైపు వెనుక అంచు నుండి నడిమి వరకు వంకరగా ఒక పగులు పాకి ఉంది. వడగండ్లు పడలేదు. చెట్టు లేదు. ఎవరూ ఏమీ విసిరిన జాడ లేదు. ఇంటికి రాగానే ఏడేళ్ళ కూతురు వెనుక సీటులోకి ఎక్కి, పైకి చూసి, "నాన్నమ్మా, ఆకాశానికి గీత పడింది" అన్నది. అధ్యాసకు ఇంతకంటె మంచి దృష్టాంతం ఏ ప్రకరణ గ్రంథంలో దొరుకుతుంది? ఉపాధిలోని చీలికను ఉపాధికి అవతలి ఆకాశం మీద ఆరోపించడం ఆ పసిపిల్ల ఒక్కతే చేసిన పని కాదు. ఆ రాత్రి నుండి నాన్నమ్మ చేసినదీ అదే.

"నేను వచ్చిన వేళ మంచిది కాదు నాయనా," అన్నారు ఆ తల్లి. "కాయ కుళ్ళినప్పుడే అనుకొన్నాను. నా జాతకంలో శని ఇప్పుడు బాగా లేడు. నా నీడ నీ బండి మీద పడింది, రేపు నీ మీద పడుతుంది." శనివారం నిరాహారంగా ఉన్నారు. కుమారుడు కారెక్కి వెళ్ళిన ప్రతి ఉదయం అతడు ఫోను చేసేదాకా పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. నాలుగో రోజున తిరుగు ప్రయాణపు టికెట్టును ముందుకు జరపమన్నారు. ఆగస్టులో మనుమరాలి పుట్టినరోజు. దాని కోసమే ఆమె ఆరు నెలలకు వచ్చారు.

శకునశాస్త్రం మనకు ఉన్నమాట వాస్తవం. అయితే అది కార్యారంభానికి ముందు కనిపించే సూచనలను గూర్చి మాట్లాడుతుంది. జరిగిపోయిన ప్రతి నష్టానికీ వెనుకకు నడిచి ఒక శకునాన్ని తవ్వి తీయమని ఏ శాస్త్రమూ విధించలేదు. అలా తవ్వడం మొదలుపెడితే కుళ్ళిన కాయ దొరకని ఇల్లు ఉండదు.

కుమారుడు ఈలోగా వాహన సంస్థ సేవాకేంద్రానికి ఛాయాచిత్రాలు పంపాడు. గాజు పగుళ్ళు రెండు విధాలు. రాయి వంటిది తగిలి పగిలితే పగులు మొదట ఒక చిన్న గుంట ఉంటుంది. గాజులోనే ఉన్న ఒత్తిడి వల్ల, అంచులోని సూక్ష్మదోషం వల్ల, ఎండవేడికి అసమానంగా వ్యాకోచించడం వల్ల పగిలితే గుంట ఉండదు. పగులు సాధారణంగా అంచు నుండే బయలుదేరుతుంది. మొదటిదానికి వారంటీ వర్తించదు. రెండవది నిర్మాణ దోషమని తేలితే సంస్థే కొత్త గాజు వేయవచ్చు. చిత్రాలలో దెబ్బ గుర్తు కనిపించడం లేదని, తనిఖీలోనూ అదే తేలితే వారంటీ కింద మారుస్తామని జవాబు వచ్చింది. కుమారుడు ఊపిరి పీల్చుకొన్నాడు.

ఈ రెండు జాతుల పగుళ్ళను వేరుపరచడానికి గాజు పనివారికి ఒక చిన్న ఉపాయం ఉంది. బాల్‌పెన్ను మొనను పగులు మొదలు మీద మెల్లగా జార్చాలి. నునుపుగా జారితే ఒత్తిడి పగులు. మొన ఎక్కడైనా తట్టుకొంటే అక్కడ దెబ్బ తగిలినట్టు. తనిఖీకి ముందటి రాత్రి, కేవలం కుతూహలంతో, అతడు టార్చిలైటూ పెన్నూ పట్టుకొని కారు దగ్గరికి వెళ్ళాడు. అంచుకు నాలుగు అంగుళాల దూరంలో మొన తట్టుకొన్నది. గుడ్డతో తుడిచి చూస్తే ఆవగింజంత గుంట. అందులో నల్లని రాతి పొడి.

అతనికి వెంటనే అర్థమైంది. తల్లి గత వారం బూడిద గుమ్మడి వడియాలు పెట్టారు. పెరటిలో ఉడుతల బెడద. ఎండ బాగా తగిలేది ఇంటి ముందు, కారు నిలిపే చోట. ఆ వారాంతంలో రెండు రోజులూ కదలక నిలిచిన కారు కప్పు విశాలంగా, పెనంలా కాలుతూ ఉన్నది. తడిగుడ్డ పరచి వడియాలు పెట్టి, గుడ్డ ఎగిరిపోకుండా మూలల మీద రెండు ఇత్తడి చెంబులు, ఒక స్టీలు డబ్బా, అల్లం దంచుకొనే చిన్న రాతి పొత్రం ఉంచారు. ఉత్తర టెక్సాస్ గాలికి గుడ్డ ఒకసారి లేచింది, పొత్రం దొర్లింది. ఆమె పరుగున వచ్చి సర్దారు. గాజు మీద ఏమీ కనిపించలేదు. రెండు రోజుల తరువాత, మండుటెండలో, ఆ కనిపించని గుంట నుండి పగులు బయలుదేరింది. మధ్యలో కాలవ్యవధానం ఉండడం వల్ల ఆ రెండింటినీ ఎవరూ కలపలేదు. వంటింట్లో పొత్రం కొన చిన్నగా బీటువారి ఉంది.

అప్పుడు ఫ్రిస్కోలో రాత్రి పదకొండు, తెనాలిలో ఉదయం తొమ్మిదిన్నర. అతడు మేనమామకు ఫోను చేశాడు. ఆయన పాఠశాలలో సంస్కృతం చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవారు.

"చెబితే అమ్మ కుంగిపోతుంది మామయ్యా. చెప్పకపోతే కంపెనీవాళ్ళే మారుస్తారు, అమ్మకూ కష్టం ఉండదు."

"రెండు విషయాలను ఒకే మూట కడుతున్నావురా అబ్బాయ్. కంపెనీవాడిది డబ్బు మాట. దానికి నన్ను అడగనక్కరలేదు, నీకే తెలుసు. అక్కయ్యది భయం మాట. తన రాకవల్ల కొడుకు ప్రాణానికి ముప్పని నమ్మి కూర్చున్నది. అటువంటి మనిషికి పొత్రం జారిందని చెప్పడం నింద అవుతుందా, విడుదల అవుతుందా? ఆలోచించు."

గీత పదిహేడవ అధ్యాయంలో వాఙ్మయ తపస్సు నిరూపితమైంది. ఎదుటివారిని కలవరపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన వాక్కు. శంకర భగవత్పాదులు భాష్యంలో, ఈ లక్షణాలన్నీ కలిసి ఉన్నప్పుడే అది తపస్సని, ఏ ఒక్కటి లోపించినా కాదని విశదీకరించారు. సత్యం చెప్పి నొప్పించేవారు, నొప్పించకూడదని సత్యం దాచేవారు, ఇరువురూ తమకు సగం మార్కులైనా పడతాయని అనుకొంటారు. భాష్యం ప్రకారం పడవు. ఆ రాత్రి ఆ కుమారుని ముందున్న పని అంత కఠినమైనది.

తెల్లవారి కాఫీ వేళ అతడు పొత్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి జరిగినదంతా చెప్పాడు. తప్పు అన్న మాట వాడలేదు. గాలి అన్నాడు, గుడ్డ అన్నాడు, ఎండ అన్నాడు. ఆమె పొత్రం కొనను వేలితో తడిమి చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళు తుడుచుకొన్నారు. తరువాత అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతవుతుందిరా?" రెండవది, "అయితే నా శని కాదన్నమాట?"

"శని కాదమ్మా. పొత్రం."

ఆమెకు నవ్వు వచ్చింది. టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

పది గంటలకు తనిఖీకి వచ్చిన సాంకేతికునికి గుంటను అతడే చూపించాడు. వారంటీ పోయింది. మొత్తం 1,640 డాలర్లు. అతని సమగ్ర బీమాలో ముందుగా తానే భరించవలసిన మొత్తం 1,000 డాలర్లు కనుక బీమా సంస్థ ఇచ్చేది 640. అమెరికాలో ఈ గాజు కప్పులు కొన్నవారు చాలామంది ఇక్కడే పొరబడతారు. ఉదాహరణకు ఫ్లోరిడాలో సమగ్ర బీమా ఉన్నవారికి ముందు అద్దం విషయంలో ఆ భారం వేయరాదని శాసనం ఉన్నది. కాని అది ముందు అద్దానికే, పైకప్పుకు కాదు. కప్పూ అద్దమే కదా అన్న తర్కం అక్కడ నిలవదు. ముందు అద్దం మీది చిన్న రాతి దెబ్బను ద్రవం నింపి ఆపినట్టు ఇంత పొడవైన పగులును ఆపడమూ కుదరదు. ఫలకం మొత్తాన్ని మార్చవలసిందే.

మార్చే నాటికి తల్లికి ఇంకొక సందేహం. కప్పు మారితే వాహనపూజ మళ్ళీ చేయించాలా? ఇది వినడానికి చిన్న ప్రశ్న. నైయాయికుని అడిగితే చిక్కు. వారి మతంలో ఒక్క అవయవం పోయినా పూర్వపు అవయవి నశించి కొత్త అవయవి ఉత్పన్నమవుతుంది. కొంత చిరిగిన వస్త్రాన్ని ఖండపటమని, వేరొక వస్త్రమని అంటారు. ఆ లెక్కన పూజ జరిగిన కారు వేరు, ఇప్పటిది వేరు. వేదాంతికి ఇంత కలత లేదు. నామరూపాలు మారినా 'ఆతడే ఈతడు' అన్న ప్రత్యభిజ్ఞ ఎక్కడ నిలుస్తుందో అతడు అక్కడ చూస్తాడు. ఆగమాలలో బింబానికో ఆలయానికో జీర్ణోద్ధారం చేసేటప్పుడు దేవతాశక్తిని బాలాలయానికి తరలించి, పని ముగిశాక సంప్రోక్షణతో తిరిగి తెస్తారు. 2018 ఆగస్టులో తిరుమలలో జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం అటువంటిదే. కారు ప్రతిష్ఠిత బింబం కాదు. దానికి ఆ విధి లేదు. మనస్సుకు తృప్తి కావాలంటే ఇంట్లోనే పసుపు కుంకుమలు పెట్టి ఒక హారతి ఇస్తే చాలును. కొబ్బరికాయను మాత్రం నేల మీదనే కొట్టాలి, కారు మీద కాదు!

పని ఇంటి ముందే జరిగింది. ఇద్దరు మనుష్యులు సన్నని ఉక్కుతీగతో అంచు చుట్టూ ఉన్న పాత జిగురును కోశారు. పీల్చిపట్టే రబ్బరు గిన్నెలతో ఫలకాన్ని ఎత్తి పక్కన పెట్టారు. చట్రాన్ని శుభ్రపరచి, ముందుపూత పూసి, నల్లని పాలీయురెథేన్ జిగురును తెగకుండా ఒకే ధారగా చుట్టూ పోశారు. తల్లి గుమ్మంలో నిలబడి ఆ ధారను చూశారు. లక్క, గుగ్గిలం, మైనం మొదలైనవి దంచి చేసే అష్టబంధనంతో బింబాన్ని పీఠానికి బంధించడం ఆమె తెనాలిలో చిన్ననాడు చూసినదే. అది గట్టిపడేదాకా ఎవరినీ తాకనిచ్చేవారు కారు. ఇక్కడా అంతే. కొత్త గాజు దించిన తరువాత జిగురు గట్టిపడేవరకు కొన్ని గంటలు బండి కదపవద్దని, ఒకటి రెండు రోజులు నీళ్ళు కొట్టి కడగవద్దని చెప్పి వెళ్ళారు. పాత ఫలకాన్ని తీసిన తరువాత, కొత్తది వచ్చేలోగా, కప్పు లేని కారులోకి మనుమరాలు తొంగి చూసి, "గీత పోయింది" అన్నది.

మరునాటి సాయంకాలం అందరూ అదే కారులో దేవాలయానికి వెళ్ళివచ్చారు. తల్లి వెనుక సీటులో కూర్చున్నారు. రాత్రి భోజనంలోకి గుమ్మడి వడియాలు వేయించారు. అవి ఆ కప్పు మీద ఎండినవే. ఈసారి పెట్టినవాటికి కుమారుడు పెరట్లో ఒక మడతబల్ల వేసి, ఉడుతలు రాకుండా పైన దోమతెర కట్టాడు. మూలలకు బట్టల క్లిప్పులు పెట్టారు.