పసుపు చేతులు

దుగ్గిరాలలో పసుపుకొమ్ములు ఏరొచ్చిన రోజు మా చిన్నక్క చేతులు ఎంత తోమినా పచ్చదనం పోదు. కొబ్బరినూనె రాసుకుంటా మా మాదిగపేట అరుగు మీద కూచుంది. పిల్లలకి చూపిద్దామని కొన్న టార్చి, దొంగనోట్లు పట్టే అతినీలలోహిత లైటు, ఆ చేతుల మీద వేశాను. అరచేతి గీతల్లో ఆకుపచ్చ వెలుగు పాకింది.

"ఒరే, నా చెయ్యి వెలుగుతుందేంట్రా!"

బెజవాడలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇలాంటి లైటు కిందే అణువులు మెరవటం మొదటిసారి చూశాను. అలాంటివి నేనూ తయారుచెయ్యాలనుకున్నాను. పరిశోధనకి చోటడిగితే ఒకాయన నా మార్కులు అడగలేదు. "మీ ఇల్లు ఊళ్లోనా, పేటలోనా?" అన్నాడు. ఆ ఊసు అక్కడితో సరి. బీయీడీ చేశాను, డీఎస్సీ రాశాను, సర్కారు బడిలో సైన్సు చెప్పుకుంటున్నాను.

నా ఫోను తెరలో నీలం చుక్కలూ ఇట్టాంటి ప్రతిదీప్తి అణువులేనని అక్కకి చెప్పాను. అక్కడ టార్చి బదులు కరెంటు. 1987లో కొడాక్ కంపెనీలో టాంగ్, వాన్‌స్లైక్ వెంట్రుక మందంలో వెయ్యోవంతు పొరలతో అట్టాంటి దీపం చేశారు. అయితే ఓ తిరకాసు ఉంది. ఒకవైపు నుంచి ఎలక్ట్రాను, ఇంకోవైపు నుంచి ఎలక్ట్రాను లేని ఖాళీ వచ్చి కలిస్తే అణువుకి శక్తొస్తుంది. అట్టా నాలుగుసార్లు కలిస్తే సగటున ఒక్కసారే వెలుగు. మిగతా మూడూ, ట్రిప్లెట్లంటారు, ఉత్త వేడిగా పోతాయి.

"మనమూ నలుగురమేగా," అంది అక్క.

కోపంగా అన్లేదు. నాకే మాట రాలేదు. పెద్దక్కా, అన్నా, ఈ అక్కా నాట్లకీ కోతలకీ పోబట్టే నేను హాస్టల్లో పుస్తకం పట్టాను.

"ఆ మూడూ ఇంక అంతేనా?"

అంతే కాదు. 2012లో జపాన్ క్యుషూ యూనివర్సిటీలో అడాచి బృందం దారి చూపింది. ఖరీదైన ఇరిడియం అక్కర్లేదు. అవే కార్బను, నైట్రోజను, హైడ్రోజను. ఎలక్ట్రాన్లు ఇచ్చే భాగాన్నీ పుచ్చుకునే భాగాన్నీ ఒకదానికొకటి అడ్డంగా తిప్పి కట్టారు. దాంతో ట్రిప్లెట్టుకీ, వెలుగిచ్చే పైమెట్టుకీ మధ్య ఎత్తు తగ్గింది. గదిలో ఉండే వేడి చాలు, కింద పడ్డవి మళ్లీ పైకెక్కి ఆలస్యంగానైనా వెలుగుతాయి. 2018లో పసుపులోని కర్క్యుమిన్ ఒరవడిలోనే, బోరాన్ చేర్చి, ఇట్టాంటి అణువొకటి కట్టారు. దాని వెలుగు ఎరుపు దాటి, కంటికి ఆనని పరారుణం వైపుకి పోతుంది.

"మన పసుపే?"

"పసుపు కాదక్కా, దాని కట్టు."

అక్క చేతులు తిప్పి చూసుకుంది.

"ఆ లైటు ఆర్పమాక. పెద్దక్కని పిలుచుకొస్తా, అదీ ఇయ్యాల పసుపులోకే పోయింది," అని లేచింది.