దుకాణం కదిలింది

ఇల్లు మారడమే పెద్ద తతంగం. మంచిరోజు చూడాలి, పాలు పొంగించాలి; ఇంతా చేస్తే కొత్తింట్లో మొదటి రాత్రి అగ్గిపెట్టె కనపడదు. దుకాణం మారడం ఇంకా కష్టం. సామానుతోబాటు గిరాకీని కూడా మోసుకుపోవాలి మరి! అందులోనూ పుస్తకాల దుకాణమైతే చెప్పనే అక్కర్లేదు. పుస్తకమంత మోసకారి సరుకు ఇంకొకటి లేదు. ఒక్కటి చేత్తో పట్టుకుంటే తమలపాకులా ఉంటుంది. సంచీ నింపి ఎత్తి చూడండి, నడుం సంగతి తెలుస్తుంది.

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, చెల్సీ అని ఒక చిన్న ఊరుంది. జనాభా 5,000 పైచిలుకు. అక్కడ సెరెండిపిటీ బుక్స్ అనే దుకాణం 2025 ఏప్రిల్ 13న, ఆదివారం పూట, వీధి మలుపు తిరిగితే వచ్చే ఇంకో చోటికి మారింది. పుస్తకాలకు లారీ లేదు, హమాలీ లేడు. సుమారు 300 మంది ఊరివాళ్లు రెండు వరుసలుగా నిలబడి, 9,100 పుస్తకాలను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందించుకుంటూ రెండు గంటల్లోపలే కొత్త అరల్లోకి చేర్చేశారు. అదీ అక్షరక్రమం చెడకుండా! ఆ వరుసల్లో 6 ఏళ్ల పిల్లల దగ్గర్నుంచి 91 ఏళ్ల పెద్దల దాకా ఉన్నారట. ఇంగ్లండులో సౌతాంప్టన్ ఊళ్లో 2018లో అక్టోబర్ బుక్స్ అనే దుకాణమూ ఇలాగే మారింది, 200 మందికి పైగా జనం చేతుల మీదుగా. ఆ కొత్త చోటు ఒకప్పుడు బ్యాంకు. బ్యాంకు పోయి పుస్తకాల దుకాణం రావడం! మనవైపు ఇలాంటివి కలలోక్కూడా రావు.

నేను ఊరుకోలేక లెక్క వేశాను. రెండు గంటలంటే 120 నిమిషాలు. ఒక్కో వరుసలో నిమిషానికి 38 పుస్తకాలు దాటాలి. అంటే ఒక్కో పుస్తకం చేతిలో ఉండేది సెకనున్నర. ఆ సెకనున్నరలోనే "అరె, ఇది చదవలేదే!" అనుకున్నవాళ్లున్నారట. దుకాణదారుకి ఇంతకంటే ఏం కావాలి?

ఈ కథంతా మా ఆవిడకు చెప్పాను. "గంతమంది ఎందుకండీ? ఒక్క ట్రాలీ ఆటో మాట్లాడితే అయిపోకపోవునా!" అంది. మోతకైతే ఆటో చాలు, నిజమే. కాని మనకూ ఈ వరుస కొత్తదేం కాదు. ఇల్లు కట్టి స్లాబు వేసేనాడు కంకర తట్టలు కిందినుంచి పైదాకా చేతుల మీదనే ఎక్కేవి. ఇప్పుడు దానికీ మిషను వచ్చిందనుకోండి.

అసలు విషయానికొస్తాను. మంథనిలో మా పుస్తకాల దుకాణం కూడా మొన్న చోటు మారింది. మా ఊరికి మారడం అలవాటే. 2016 అక్టోబరులో గోదావరి ఒడ్డునుంచి అంగుళమైనా జరక్కుండానే కరీంనగరు జిల్లాలోంచి పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లిపోయింది! ఇక పుస్తకాలంటారా, పుస్తకం తెరవకుండా వేదమంతా అప్పజెప్పే ఘనాపాఠీల ఊరిది. అలాంటి చోట పుస్తకాలమ్మడానికి మొదట కూచున్న మనిషెవరో గాని ధైర్యశాలి. అయినా చదివేవాళ్లకు కొదవ లేదు. 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు ఇక్కడినుంచే శాసనసభకు వెళ్లిన పి.వి. నరసింహారావుగారు 'వేయిపడగలు'ను హిందీలోకి దించినవారాయె.

పాత దుకాణం ఇరుకు సందులో ఉండేది. ముందు పలకలు, పంచాంగాలు, గైడ్లు. వెనకాల, చీకట్లో, ఒక చెక్క అల్మారా. నవలలు, కథల పుస్తకాలు, శతకాలు, విడి చందమామలు అన్నీ అందులోనే. బల్బు వేయమంటే సేటు, "పేరు తెలిసినోడు చేత్తో తడిమి తీసుకుంటడు సారూ" అనేవాడు. తడిమి తీసుకునే చదువుకున్నాం మేము.

ఇప్పుడు పెద్ద రోడ్డు మీద కొత్త మడిగె. సామానంతా ట్రాలీ ఆటోలోకి ఎక్కింది, అల్మారా తప్ప. కాగితాలవాడు తరాజు పట్టుకొని గడప దగ్గర కూచున్నాడు.

"ఇవెందుకు సేటూ తూకానికి?" అన్నాను.

"ఎవలు కొంటున్రు సారూ? సర్కారు బడి పోరగాండ్లకు పుస్తకాలు ఫ్రీ. ప్రైవేటు బళ్లల్ల వాళ్లే అమ్ముకుంటున్రు. నాకు మిగిలింది నోటుబుక్కులు, జిరాక్సు. అక్కడ గజం గజానికి కిరాయి. గీ అల్మార పెట్టే జాగల ఇంకో జిరాక్సు మిషను పడ్తది."

అతనన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఇబ్బంది. చెల్సీలో ఆ 300 మందీ ఊరికే మోసిపెట్టలేదు. రేపు కూడా వస్తామని దుకాణదారుకి ముఖాముఖి చెప్పినట్టయింది. మా సేటుకు అలా చెప్పినవాడెవడు?

రిటైరైన తెలుగు సారొకాయన అటే పోతుంటే పిలిచాను. డిగ్రీ చదివే అమ్మాయొకతె జిరాక్సుకొచ్చి ఆగిపోయింది. ముగ్గురం కలిసి బేరమాడాం. కాగితాలవాడికి ఈ బేరం నచ్చలేదు, తరాజు చప్పుడు చేస్తూనే ఉన్నాడు. చివరికి సేటు ఒక మాటకొచ్చాడు: అల్మారా కొత్త మడిగెలో మెట్ల కింద ఉంటుంది, దసరాలోపల 50 పుస్తకాలు పోతే అక్కడే ఉంటుంది, పోకపోతే తరాజు.

పుస్తకాలు ఆటోలోనే వెళ్లాయి. పైన నేనూ కూచున్నాను, జారిపోకుండా పట్టుకోవడానికి. మెట్ల కింద ఈసారి బల్బు కూడా వేయించాడు సేటు. డిగ్రీ అమ్మాయి తన స్నేహితురాళ్లను ఇద్దరిని తీసుకొచ్చింది. మా ఆవిడ వంటల పుస్తకమొకటి తెచ్చుకొని, వెల ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయింది. వెనక అట్ట మీద ముద్రించింది 12 రూపాయలు, సేటు అంతే తీసుకున్నాడు.

దసరా ఇంకా ఇరవై రోజులుంది. నిన్నటికి 23 పోయాయి. అందులో ఆరు నేను కొన్నవని సేటు లెక్కలోంచి కొట్టేశాడు.